ప్లే జోన్‌లో బీరు అమ్మితే పిల్లల్ని చూసేదెవరు?

వీడియో గేమ్ వ్యాపారం బార్‌లో మొదలైంది. 1972లో అటారీ కంపెనీ తన మొదటి ‘పాంగ్’ మెషీన్‌ని కాలిఫోర్నియాలోని సన్నీవేల్‌లో, ఆండీ క్యాప్స్ అనే బార్‌లో పెట్టింది. కొన్నాళ్లకే మెషీన్ పనిచేయడం లేదని ఫోన్ వచ్చింది. వెళ్లి చూస్తే నాణేల డబ్బా నిండిపోయి ఉంది. అటారీని స్థాపించినవాళ్లలో ఒకడైన నోలన్ బుష్నెల్‌కి అక్కడ ఒక చిక్కు కనిపించింది. ఈ మెషీన్లు ఉండేది బార్లలో, బౌలింగ్ సెంటర్లలో. వాటి మీద పడి ఆడాలనుకునేది పిల్లలు. వాళ్లని బార్‌లోకి రానివ్వరు. అందుకని పిల్లలు రాగలిగే చోటు ఒకటి తనే కట్టాడు. 1977లో శాన్ హోసేలో తెరిచిన పిజ్జా టైమ్ థియేటర్ అదే, తర్వాత చక్ ఈ చీజ్‌గా పేరు మోసింది. పిజ్జా ఓవెన్‌లోంచి వచ్చేలోపు పిల్లలు నాణేలు వేసి ఆడతారు, తల్లిదండ్రులు బీరు తాగుతూ కూర్చుంటారు. ఆటని బార్ నుంచి బయటికి తెచ్చిన మనిషే బీరుని కూడా దాని వెంట తెచ్చాడన్నమాట.

ఆ సంస్థ ప్రధాన కార్యాలయం ఇప్పుడు టెక్సాస్‌లోని ఇర్వింగ్‌లో ఉంది. డాలస్ పక్కన, షాపుల్లో తెలుగు వినిపించే ఊరు. పుట్టినరోజు ఇంట్లో చేసే ఓపిక లేని మన కుటుంబాలు ఆ చుట్టుపక్కల ఇలాంటి చోట్లనే బుక్ చేసుకుంటాయి: ఆర్కేడ్, ట్రాంపొలిన్ పార్కు, బౌలింగ్. పదిపదిహేను మంది పిల్లలు, వాళ్ల అమ్మానాన్నలు, రెండు గంటల స్లాట్, కేకు. కౌంటర్లో బీరు దొరికే చోటైతే ఒకాయన తెచ్చుకుంటాడు. పక్కాయన ముందు వద్దంటాడు, తర్వాత మొహమాటానికి ‘ఒక్కటే’ అంటాడు.

ఇందులో తప్పేముంది అంటే రెండు జవాబులు రెడీగా ఉంటాయి. పిల్లల ముందు తాగడమేంటి, సిగ్గులేదా అనేది మొదటిది. ఆ గోల రెండు గంటలు భరించాలంటే ఆ మాత్రం ఉండాలి కదా అనేది రెండోది. నాకు రెండూ సరిపోలేదు.

పిల్లలు చూస్తే చెడిపోతారన్న వాదన మన నోట వింటే కొంచెం నవ్వొస్తుంది. పసివాడి మొదటి పుట్టినరోజుకి ఫంక్షన్ హాల్లో కింద కేకు కటింగ్, పైన రూములో మగాళ్ల సిట్టింగ్ జరగడం మనకి కొత్త కాదు. బాబాయి మెట్లు దిగుతూ గోడ ఎందుకు పట్టుకున్నాడో ఆరేళ్ల పిల్లకి కూడా అర్థమవుతుంది. భోజనంతో పాటు ఒక గ్లాసు తాగి లేచిపోయే మనిషిని ఎదురుగా చూడటం, ఇలా దాచిపెట్టినదాన్ని కనిపెట్టడం కన్నా ఎక్కువ హాని చేస్తుందని నేను నమ్మను. కాబట్టి ఈ వ్యాసం మద్యం మంచిదా చెడ్డదా అనే తగాదా జోలికి పోదు. నేను పట్టుకునేది ఒక్కటే: ప్లే జోన్‌లో పిల్లల్ని కనిపెట్టుకుని ఉండే డ్యూటీ ఎవరిది?

ఏ సాఫ్ట్ ప్లే సెంటర్‌కైనా వెళ్లి గోడ మీద రాసినది చదవండి. ‘పిల్లల బాధ్యత తల్లిదండ్రులదే’ అనే మాట ఏదో ఒక రూపంలో ఉంటుంది. అమెరికాలో ట్రాంపొలిన్ పార్కుకి వెళితే లోపలికి అడుగు పెట్టేముందే వేవర్ మీద, అంటే దెబ్బ తగిలితే దావా వేయమని ఒప్పుకునే కాగితం మీద, సంతకం పెట్టించుకుంటారు. ఆ వ్యాపారం నడిచేదే అలా. బంతుల గుంటలో ఇరవై మంది పిల్లలుంటే, వాళ్లని చూడటానికి ఇరవై మంది ఆయాలని పెట్టే స్థోమత ఏ యజమానికీ ఉండదు. అందుకే అక్కడ భద్రతా సిబ్బంది అంటే చాలావరకు తల్లిదండ్రులే, అదీ జీతం లేకుండా. ఏ పిల్లాడు జారుడుబండ మీద తలకిందులుగా వస్తున్నాడో, ఎవడు చిన్నదాన్ని నెట్టాడో, ఎవరు బాత్రూమ్ వైపు ఒంటరిగా వెళ్లారో చూసేది వాళ్లే. ఆ పని వాళ్ల మీద పెట్టి, దాన్ని సరిగా చేయనివ్వని సరుకుని అదే కౌంటర్లో అమ్మడం దగ్గరే నా అభ్యంతరం. రెస్టారెంట్‌లో ఈ సమస్య ఇంతగా లేదు. అక్కడ పిల్ల పక్క కుర్చీలోనే ఉంటుంది. ప్లే జోన్‌లో మాత్రం పిల్ల మీ కంటికి దూరంగా పోవడానికే మీరు టికెట్ కొన్నారు.

2008 చివర్లో వాల్ స్ట్రీట్ జర్నల్ చక్ ఈ చీజ్ ఔట్‌లెట్లలో జరిగే కొట్లాటల మీద ఒక కథనం వేసింది. విస్కాన్సిన్ రాష్ట్రంలోని బ్రూక్‌ఫీల్డ్ అనే ఊళ్లో, అంతకుముందు ఏడాది నుంచి లెక్క తీస్తే, పోలీసులకి ఎక్కువ కాల్స్ వెళ్లిన రెస్టారెంట్ ఆ పిల్లల పిజ్జా హోటలేనట. కొట్టుకున్నది పెద్దవాళ్లు. ఒక గేమ్‌ని ఒకే పిల్లాడు వదలకుండా ఆడుతుంటే రెండో పిల్లాడి తల్లి వెళ్లి అడుగుతుంది, మొదటి పిల్లాడి తండ్రి లేస్తాడు, అక్కడి నుంచి గొడవ ముదురుతుంది. నీటికుళాయి దగ్గర బిందెల తగాదా చూసినవాళ్లకి ఇది వేరే చెప్పక్కర్లేదు. తన పిల్ల జోలికి ఎవరైనా వస్తే కన్నవాళ్లకి వచ్చే కోపం బీరు లేకపోయినా వస్తుంది. అందుకే కొట్లాటలన్నిటికీ మద్యమే కారణం అనడం అన్యాయం అవుతుంది. ఇరుకు జాగా, చెవులు పగిలే శబ్దం, క్యూలు, నాలుగైదు బర్త్‌డే పార్టీలు ఒకేసారి, వీటన్నిటి పాత్రా ఉంది. కానీ అంతా అప్పటికే అంచు మీద ఉన్న చోట, తమాయించుకునే శక్తిని తగ్గించేదాన్ని కలపడం ఎందుకు? ఇలాంటి గొడవల తర్వాత కొన్ని ఊళ్లలో ఔట్‌లెట్లు మద్యం ఆపి, గార్డులని పెట్టుకున్నాయి. గార్డు జీతం, బీరు లాభం పక్కపక్కన వేసి చూసుకుని ఉంటారని నా ఊహ.

ఇక్కడ ఒక తమాషా ఉంది. విస్కాన్సిన్‌లో తాగుడు మీద పట్టింపు చాలా తక్కువ. దేశమంతటా మద్యం వయసు 21 అయినా, అక్కడ తల్లిదండ్రులు పక్కనుంటే మైనర్ కూడా బార్‌లో తాగొచ్చని చట్టమే ఒప్పుకుంటుంది. అలాంటి రాష్ట్రంలోనే పిల్లల పిజ్జా హోటల్ పోలీసులకి తలనొప్పి అయింది. అంటే చూడాల్సింది అక్కడి జనం మద్యాన్ని ఎంత మామూలుగా తీసుకుంటారన్నది ఒక్కటే కాదు, ఏ చోట ఏ పని మీద ఉండగా తాగుతున్నారన్నది కూడా.

మద్యం పెడితే చాలు అంతా పాడైపోతుందనేవాళ్లకి డిస్నీ ఒక ఇబ్బందికరమైన ఉదాహరణ. ఫ్లోరిడాలోని మ్యాజిక్ కింగ్‌డమ్ పార్కుని 1971లో తెరిచారు. 41 ఏళ్లు అక్కడ చుక్క మద్యం అమ్మలేదు. 2012లో ఒక్క రెస్టారెంట్‌లో, రాత్రి భోజనంతో పాటు మాత్రమే, వైను, బీరు మొదలుపెట్టారు. తర్వాత మరికొన్ని రెస్టారెంట్లకి విస్తరించారు. కాలిఫోర్నియా డిస్నీల్యాండ్‌లో సభ్యులకి మాత్రమే ప్రవేశం ఉన్న క్లబ్బు పక్కన పెడితే, మామూలు జనానికి 2019 దాకా లేదు. పారిస్‌లో మరీ విచిత్రం. 1992లో ఫ్రెంచివాళ్ల గడ్డ మీద వైన్ లేని పార్కు తెరిచి, జనం మొహం చిట్లిస్తే మరుసటి ఏడాదే నిర్ణయం మార్చుకున్నారు. ఇన్నేళ్లలో మ్యాజిక్ కింగ్‌డమ్ తాగుబోతుల అడ్డా అయిపోలేదు. కారణం తెలుస్తూనే ఉంది: టేబుల్ దగ్గర కూర్చుని, అన్నం తింటూ, కుటుంబమంతా ఎదురుగా ఉండగా తాగేది అది. ఎక్కువ తాగాలంటే జేబు కూడా ఒప్పుకోదు.

అదే కంపెనీ పార్కు ఎప్‌కాట్‌లో కథ వేరు. అక్కడ 11 దేశాల పేరుతో పెవిలియన్లున్నాయి. ఒక్కో దేశం దగ్గర ఒక్కో డ్రింక్ తాగుతూ చుట్టూ తిరిగి రావడం పెద్దవాళ్లకి ఒక సరదా పోటీ అయింది, దానికోసం టీషర్టులు కూడా వేసుకుని వస్తారు. మధ్యాహ్నం నాలుగింటికి అక్కడ స్ట్రోలర్ తోసుకుంటూ వెళ్లే తల్లికి, మ్యాజిక్ కింగ్‌డమ్‌లో రాత్రి భోజనానికి కూర్చున్న తల్లికి ఎదురయ్యే మనుషులు ఒకరు కారు. మద్యం రెండు చోట్లా ఉంది. గ్లాసు టేబుల్ మీద ఉందా, చేతిలో నడుస్తోందా అన్నదే తేడా.

మ్యూనిక్ బీర్ గార్డెన్ల సంగతేంటి, ఇంగ్లండ్ పబ్బుల వెనక పిల్లల ఉయ్యాలలు లేవా అని అడగొచ్చు. ఉన్నాయి. మ్యూనిక్‌లో చెట్ల కింద పెద్దవాళ్లు లీటరు గ్లాసులు పట్టుకుని కూర్చుంటే పక్కనే పిల్లలు ఆడుకుంటారు. ఎవరూ వింతగా చూడరు. కానీ అది పెద్దవాళ్ల చోటు. పిల్లలు అక్కడికి వచ్చిన అతిథులు. చూపుకి అందేంత దూరంలో ఒక ఇసుక గుంట, అంతే. పైగా చాలామంది ట్రామ్‌లో ఇంటికి పోతారు. డాలస్ శివార్లలో పుట్టినరోజు పార్టీకి ట్రామ్‌లో వెళ్లేదెవరు? పార్టీ అయ్యాక వెనక సీట్లో ఇద్దరు పిల్లలు, ఒళ్లో రిటర్న్ గిఫ్ట్ కవర్లు, ముందు స్టీరింగ్ పట్టుకునేది ఆ ‘ఒక్కటే’ తాగిన నాన్న.

చక్ ఈ చీజ్‌లో ఒక మంచి ఏర్పాటుంది. లోపలికి వచ్చేటప్పుడు పెద్దవాళ్ల చేతి మీద, పిల్లల చేతి మీద ఒకే నంబరు ముద్ర వేస్తారు. బయటికి పోయేటప్పుడు రెండూ సరిపోతేనే వదులుతారు. పరాయివాళ్లు పిల్లల్ని తీసుకుపోకుండా కాపాడే పద్ధతి అది, మన ప్లే జోన్లు కూడా కళ్లకద్దుకుని తెచ్చుకోవాల్సింది. అయితే తీసుకెళ్తున్నవాడు సొంత తండ్రేనా అని ఆ ముద్ర చెబుతుంది. అతను బండి నడపగలడా అని చెప్పదు.

చట్టం ఈ ముక్కని కొన్నిచోట్ల గట్టిగానే పట్టుకుంది. న్యూయార్క్‌లో 2009లో చేసిన చట్టం ప్రకారం 16 ఏళ్లలోపు పిల్లల్ని కారులో పెట్టుకుని తాగి నడిపితే, మొదటిసారి దొరికినా అది ఫెలనీ, అంటే తీవ్రమైన నేరం. నాలుగేళ్ల దాకా జైలు పడొచ్చు. టెక్సాస్‌లో, ఇంకా చాలా రాష్ట్రాల్లో, మత్తులో తూలుతున్నాడని కళ్లకి కనిపిస్తున్న మనిషికి మళ్లీ పోసిన అమ్మకందారు మీద కూడా దావా వేయొచ్చు. అయినా అమెరికాలో చాలా రాష్ట్రాల్లో బండి నడిపేవాళ్లకి పరిమితి 100 మిల్లీలీటర్ల రక్తానికి 80 మిల్లీగ్రాముల ఆల్కహాల్. మన మోటారు వాహనాల చట్టంలో అది 30. 650 మిల్లీలీటర్ల స్ట్రాంగ్ బీరు ఒకటి పూర్తిచేసిన మనిషి ఆ గీత లోపల ఉంటాడని నేనైతే పందెం కాయను.

హైదరాబాద్‌లో ఈ ప్రశ్న ఇంకా సూటిగా ముందుకు రాలేదు. మాల్‌లో ప్లే జోన్ ఒక ఫ్లోర్లో, బార్ ఇంకో ఫ్లోర్లో ఉండటం మాత్రం చూస్తున్నాం. క్లబ్బుల్లో ఆదివారం పిల్లలు స్విమ్మింగ్ పూల్లో, నాన్నలు బార్‌లో ఉండటం ఎప్పటి నుంచో ఉన్నదే. ఊరి బయట రిసార్టుల్లో రెండూ కలిసిపోయాయి. నాకు వీటన్నిటిలో భయం వేసేది పూల్ దగ్గర. బంతుల గుంటలో పిల్ల అరుస్తుంది, నీళ్లలో మునిగే పిల్లకి అరిచే వీలు ఉండదు. మన దగ్గర లైసెన్సు నిబంధనలు మద్యం దుకాణం బడికి, గుడికి ఎంత దూరంలో ఉండాలని టేపు పట్టుకుని కొలుస్తాయి. పిల్లలు ఆడే చోట అడుగులు లెక్కపెట్టడం వల్ల ఒరిగేది లేదు, ఎందుకంటే అక్కడికి తాగేవాడు బయటి నుంచి రాడు. పిల్లని ఎత్తుకుని తనే వస్తాడు.

ఇంగ్లండ్, వేల్స్‌లలో 2003 నాటి లైసెన్సింగ్ చట్టం నాలుగు లక్ష్యాలు పెట్టుకుంది. పిల్లల్ని హాని నుంచి కాపాడటం వాటిలో ఒకటి. స్థానిక సంస్థ ఆ లక్ష్యం చూపించి ఒక్కో చోటికి ఒక్కో షరతు పెట్టొచ్చు. మనకి పనికొచ్చేది ఈ దారే అనిపిస్తుంది, ఎందుకంటే పూర్తిగా నిషేధిస్తే ఏమవుతుందో 1995 నుంచి 1997 దాకా ఆంధ్రప్రదేశ్ చూసింది. దూబగుంట ఆడవాళ్లు సారా మీద కొట్లాడి సాధించినది నిజమైన విజయమే. కానీ తర్వాత తెచ్చిన సంపూర్ణ నిషేధం ఖజానా ఒత్తిడి ముందు, దొంగసరుకు ముందు నిలబడలేదు.

షరతులు పెట్టాల్సి వస్తే నేను అడిగేవి ఇవి. ఆడే చోట గ్లాసు నడవకూడదు, టేబుల్ దగ్గరే, తిండితోనే. పిల్లల గుంపు పార్టీలు బుక్ అయిన స్లాట్‌లో అసలు అమ్మకూడదు. ఈత కొలను ఉంటే లైఫ్‌గార్డ్ లేని గంటల్లో బార్ మూసెయ్యాలి. అన్నిటికన్నా ముఖ్యమైనది: మద్యం అమ్మే ప్లే జోన్ గోడ మీద ‘బాధ్యత తల్లిదండ్రులదే’ అన్న బోర్డు చెల్లకూడదు. తాగించినవాడే చూసుకోవాలి. ఇంతమంది పిల్లలకి ఒక ఆయా అని లెక్క, ఆమెకి ట్రైనింగ్, జీతం, ప్రమాదం జరిగితే పరిహారం, అన్నీ యజమాని ఖాతాలోనే.

ఆ ఖర్చు వేసుకుని చూస్తే చాలామంది యజమానులు బీరు కౌంటర్‌ని వాళ్లంతట వాళ్లే తీసేస్తారని నా అంచనా. తీయనివాళ్లు ఆయాలని పెడతారు. నాకు రెండింటిలో ఏదైనా సరే.