కుక్కలున్న ఇంట్లో కూరగాయలు పండవన్నది తప్పు, ఆముదపు పిండి చల్లమనడం ప్రమాదం

ఈ వారంలో ఒకే మెసేజ్ నాకు మూడు గ్రూపుల్లోంచి వచ్చింది. అందులో ఉన్నది ఇది: కుక్కలున్న ఇంట్లో కూరగాయల తోట పెట్టుకోవద్దు. అవి తవ్వి పాడుచేస్తాయి, వాటి మూత్రంలోని ఆమ్లానికి మొక్కలు చచ్చిపోతాయి, టమాటా ఆకు తింటే కుక్క చచ్చిపోతుంది. అయినా పెట్టుకుంటామంటే ఆముదపు పిండి, కారం చల్లండి, ఆ వాసనకు దగ్గరికి రావు. కుక్క పెంట మాత్రం పారేయొద్దు, అది పేడలాగే మంచి ఎరువు.

మా ఇంట్లో నాలుగు కుక్కలున్నాయి. మూడు నాటువి, ఒకటి లాబ్రడార్. నాలుగూ ఒక్క క్షణం కుదురుగా ఉండవు. అయినా వారంలో నాలుగైదు రోజులు మా కూర పెరట్లోదే. ఆ మెసేజ్‌లో కొన్ని మాటలు సగం నిజాలు, కొన్ని ఉత్త పొరపాట్లు. ఆముదపు పిండి మాట మాత్రం ప్రాణం తీసేది, అందుకే ముందు దాని సంగతి చెప్తాను.

ఆముదం గింజలో రైసిన్ అనే విషం ఉంటుంది. నూనె తీసినప్పుడు అది నూనెలోకి రాదు, పిండిలోనే ఉండిపోతుంది. చిన్నప్పుడు అమ్మమ్మ పట్టించిన ఆముదంతో మనకేమీ కాలేదు కదా అని పిండిని తేలిగ్గా తీసుకోకూడదు. బాగా వేడిచేసి విషం పోగొట్టిన పిండి కూడా ఉంటుంది గానీ, సంచిలో ఉన్నది ఏదో చూసి చెప్పలేం. పైగా ఆ వాసనకు కుక్కలు పారిపోవు, వెతుక్కుంటూ వస్తాయి.

పోయినేడు తొలకరికి ముందు నేనూ ఎరువుకని ఒక ఆముదపు పిండి సంచి తెచ్చాను. దానిమీద హెచ్చరిక ఒక్క ముక్క లేదు. కుండీకి రెండు గుప్పిళ్ళ చొప్పున కలిపి లోపలికి వెళ్ళాను. కాసేపటికి వచ్చి చూస్తే మా కుక్కల్లో ఒకటైన చిట్టి, వంగమొక్క కుండీలో మూతి పెట్టి మట్టి నాకుతోంది, మీసాలకు గోధుమరంగు పొడి అంటుకుని ఉంది. మూతి తుడిచి ఊరుకున్నాను. సాయంత్రం దాకా బాగానే ఆడింది. రాత్రి వాంతులు మొదలయ్యాయి, తెల్లారేసరికి విరేచనంలో రక్తం. దీనికి విరుగుడు మందు లేదమ్మా, సెలైన్ పెట్టి కాపాడుకోవడమే అని డాక్టర్ గారు అన్నప్పుడు నాకు కాళ్ళాడలేదు. మూడు రోజులు సెలైన్ ఎక్కించారు. బతికింది. తిన్న వెంటనే లక్షణాలు కనపడకపోవచ్చు. తిన్నదని అనుమానం వస్తే చాలు, వాంతులయ్యేదాకా ఆగకుండా, సంచి కూడా పట్టుకుని పశువైద్యుడి దగ్గరికి వెళ్ళండి. ఇప్పుడు నేను వేపపిండే వాడుతున్నాను. చేదుకేమో, మావి మూతి కూడా పెట్టవు.

ఇక తవ్వడం. తవ్వుతాయన్నది నిజమే, కానీ ఎందుకు తవ్వుతాయో చూడాలి. కరివేపాకుకు చేపలు కడిగిన నీళ్ళు పోస్తాం, మట్టిలో ఎముకల పొడి కలుపుతాం, చేపలు, బెల్లం పులియబెట్టిన మీనామృతం పోస్తాం. కుక్క ముక్కుకు అదంతా తిండి వాసనే. మావి తవ్విన చోట్లన్నీ దాదాపు అవే. ఎముకల పొడి ఎక్కువగా తింటే కడుపులో గడ్డకట్టి అడ్డుపడుతుంది కూడా. రెండో కారణం ఎండ. ఏప్రిల్, మే నెలల్లో చల్లటి మట్టి కోసం గుంట చేసుకుని పడుకుంటాయి. అందుకని మామిడిచెట్టు కింద నాలుగడుగుల చదరంలో ఇసుక పోసి, మధ్యాహ్నం నీళ్ళు చల్లి వాటికే వదిలేశాను. మూడోది వాటి దారి. గేటు దగ్గర చప్పుడైతే నాలుగూ ప్రహరీ వెంబడే పరుగెడతాయి. అక్కడ బండిబాటలా గడ్డి కూడా మొలవదు. ఆ దారిలో రెండుసార్లు బీర పెట్టి రెండుసార్లూ పోగొట్టుకున్నాను. ఇప్పుడు ప్రహరీ వెంట రెండడుగులు వదిలి, కందికట్టెతో దడి కట్టి, లోపల మడులు వేశాను. కొత్తగా నాటిన నారు మీద పాత టేబుల్ ఫ్యాను జాలీ బోర్లిస్తే వేళ్ళు పట్టేదాకా భయం ఉండదు. దొండ, బీర, కాకర పందిరెక్కాక వాటి జోలికి ఏ కుక్కా రాదు, కింద కాండానికి పైపు ముక్క తొడిగితే సరిపోతుంది.

మూత్రంతో మొక్క మాడేది ఆమ్లం వల్ల కాదు. అందులోని నత్రజని, లవణాలు ఒకేచోట ఎక్కువ పడటం వల్ల. యూరియా ఎక్కువైతే మాడినట్టే ఇదీ. వెంటనే బకెట్ నీళ్ళు పోస్తే చాలావరకు తట్టుకుంటుంది. అయితే పాలకూర, కొత్తిమీర లాంటివి వాటి కాలెత్తుకు అందకుండా ఎత్తు తొట్లలో వేసుకోవాలి, ఎందుకంటే మనకూ జబ్బు తెచ్చే లెప్టోస్పైరా అనే బాక్టీరియా మూత్రం ద్వారానే వస్తుంది. దానికి కుక్కలకు వేసే టీకా ఉంది, తప్పకుండా వేయించండి.

కారం వల్ల కుక్కకు కళ్ళు, ముక్కు మండుతాయి. పాదాలకు అంటితే నాకి మళ్ళీ బాధపడుతుంది. ఒక్క వాన పడితే ఆ కారమూ ఉండదు. దయచేసి చల్లకండి.

టమాటా ఆకుల్లో, పచ్చికాయల్లో విషపదార్థం ఉన్నమాట నిజం. కానీ ఒకటి రెండు ఆకులు కొరికితే ప్రాణం పోదు, బాగా తింటే కడుపు పాడవుతుంది. పండినవి మా లాబ్రడార్ తింటూనే ఉంటుంది. మెసేజ్ రాసినవాళ్ళు హెచ్చరించాల్సింది ఉల్లి, వెల్లుల్లి గురించి. అవి కాడలతో సహా కుక్క ఎర్ర రక్తకణాలను దెబ్బతీస్తాయి. ద్రాక్షపందిరి ఉంటే రాలిన పళ్ళు ఎప్పటికప్పుడు ఏరేయాలి, వాటివల్ల మూత్రపిండాలు పాడవుతాయి. నత్తల మందులో మెటాల్డిహైడ్ అనే విషం ఉంటే కుక్క తోటలోకి అసలు తేవద్దు. ఫోరేట్ అనే పురుగుమందు గుళికలు మన దేశంలో 2020 చివరి నుంచి నిషేధం. పాత ప్యాకెట్ అటకమీద మిగిలి ఉంటే తోటలో వాడకండి.

కుక్క పెంట పేడలాంటిది కాదు. ఆవు గడ్డి తింటుంది, కుక్క మాంసం కూడా తింటుంది. పెంటలో ఏలికపాముల, కొంకిపురుగుల గుడ్లు ఉండవచ్చు. ఏలికపాము గుడ్లయితే మట్టిలో ఏళ్ళ తరబడి బతుకుతాయి. మనం ఇంట్లో చేసే కంపోస్టుకు వాటిని చంపేంత వేడి రాదు. ఆ మట్టి చేతులతో ఏదైనా తింటే పిల్లల కాలేయానికి, కంటికి కూడా హాని జరగవచ్చు. మా మనవడు లేత బెండకాయ కోసి అక్కడే కొరుకుతాడు, అందుకే నేను పొద్దున్నే పార పట్టుకుని పెరడంతా ఒకసారి తిరిగి, ఉన్న పెంటంతా ఎత్తి మరుగుదొడ్డిలో పోసి నీళ్ళు కొడతాను. నాలుగింటికీ డాక్టర్ గారు చెప్పిన రోజుకు నులిపురుగుల మందు వేయిస్తాను.

ఆ మెసేజ్ మీరు కూడా ఎవరికైనా పంపి ఉంటే, ఆముదపు పిండి మాట తప్పని వాళ్ళకు ఈరోజే ఇంకో మెసేజ్ పెట్టండి. తొలకరి దగ్గర పడింది, అందరూ సంచులు కొనే సమయం ఇదే.