తరుగు పోను అంతరాత్మ

దేవుణ్ని నమ్మనివాడికి అంతరాత్మ ఉంటుందా? ఉంటుంది. ప్రమాదమంతా అక్కడే ఉంది.

ఈ సత్యం నాకు మా ఊరి వడ్ల కల్లం దగ్గర తెలిసింది. కాంటా పెట్టే ఆసామి పొద్దున్నే కాంటాకు పసుపు కుంకుమ పెట్టి, కొబ్బరికాయ కొట్టి, "నర్సింహా" అని దండం పెట్టుకుంటాడు. ఆ తర్వాత 40 కిలోల బస్తాకు, తరుగు పేరుతో రెండు కిలోలు కలిపి 42 కిలోలు జోకుతాడు. తేమ 17 శాతం లోపే ఉంటే తాలు ఉందంటాడు, తాలు లేకపోతే సంచి బరువంటాడు. సీజన్ అయిపోగానే యాదగిరిగుట్టకు పోయి గుండు కొట్టించుకొస్తాడు. లెక్క సాఫ్. నెల తిరిగేసరికి వెంట్రుకలు మొలుస్తాయి. ఆ తర్వాత వానాకాలం వడ్లు కూడా వస్తాయి.

ఇక మా కాక. ఎర్రజెండా మనిషి, గుడి మెట్లెక్కడు. ఓసారి కిరాణా కొట్టతను చిల్లరలో 50 రూపాయలు ఎక్కువిస్తే, ఎండలో రెండు కిలోమీటర్లు వెనక్కి నడిచి ఇచ్చొచ్చాడు.

"రేపు ఇయ్యొచ్చు గద కాకా?"

"వాని పైసలు రాత్రంత నా దగ్గరెందుకురా?"

ఇలాంటి మనిషి బతుకెంత టెన్షనో ఆలోచించండి. తప్పు చేస్తే దింపుకోవడానికి గుట్ట లేదు, హుండీ లేదు. గుండు కొట్టించుకుందామన్నా కాకది బట్టతల. పాపం, గతిలేక నీతిగా ఉంటున్నాడు!

దేవతలు మెచ్చారు కాబట్టి అది మంచిదైందా, మంచిది కాబట్టి మెచ్చారా అని దాదాపు 2400 ఏళ్ల కింద సోక్రటీసు అడిగాడని చదివాను. మా కల్లానికొచ్చి అడిగుంటే, తేమ ఎక్కువుందని ఆ ప్రశ్నను ఓ మూలన ఆరబోసేవాళ్లు.

మా పాత నల్లగొండ జిల్లా చరిత్ర కూడా ఈ విషయంలో సాయం చేయదు. 1951లో దేవుణ్ని నమ్మిన వినోబా పోచంపల్లికొచ్చి, పేదలకు 80 ఎకరాలు కావాలంటే వెదిరె రామచంద్రారెడ్డి 100 ఎకరాలు ఇచ్చాడు. (మా కాంటా మీద ఇలాంటి పొరపాటు ఎప్పుడూ జరగలేదు.) 1952 ఎన్నికల్లో ఇదే జిల్లా కమ్యూనిస్టు రావి నారాయణరెడ్డికి, నెహ్రూకు తన స్థానంలో వచ్చినవాటి కంటే ఎక్కువ ఓట్లేసింది. గుట్ట నీడలో బతికే జిల్లాలో అన్ని ఓట్లు నాస్తికులవే అయ్యుండవు కదా!

అందుకే సర్కారుకు నా విన్నపం: నమ్మకం లేనివాళ్ల మంచితనానికీ తరుగు తీయాలి. బస్తాకు రెండు కిలోల లెక్కన, కాక తిరిగిచ్చిన 50లో రెండున్నర కోసేసి, మిగతాదే నీతి ఖాతాలో రాయాలి.

ఈ ఆలోచన మా ఆసామికి తెగ నచ్చింది. ఆ రెండున్నర ఎవరికి వస్తుందని మాత్రం అడిగాడు.