మీ గ్రూప్‌లో ఒక్క పోస్టుకి ఎంత తీసుకుంటారు సార్?

నిన్న రాత్రి పదకొండున్నరకి టెలిగ్రామ్‌లో మెసేజ్. "హాయ్ సార్, మీ గ్రూప్ చాలా యాక్టివ్‌గా ఉంది, మా బిల్లింగ్ సాఫ్ట్‌వేర్ గురించి ఆర్గానిక్‌గా ఒక డిస్కషన్ నడపాలి, ఎంత తీసుకుంటారు?" ఆర్గానిక్‌గా అంట, అంటే దానంతటదే పుట్టినట్టు. డబ్బులిచ్చి నడిపించేదాన్ని ఆర్గానిక్ అని ఎలా అంటార్రా బాబూ, యూరియా బస్తా మీద సేంద్రియ ఎరువు అని స్టిక్కర్ అతికించినట్టుంది.

తెలియనివాళ్లకి చెప్తున్నా, మాది చిన్న షాపుల లెక్కల గ్రూపు. కిరాణా, ఫ్యాన్సీ, హార్డ్‌వేర్, ఎరువుల కొట్లవాళ్లు, వాళ్ల దగ్గర ట్యాలీ కొట్టే కుర్రాళ్లు, ఇద్దరు ముగ్గురు ట్యాక్స్ ప్రాక్టీషనర్లు ఉంటారు. 2017 జులైలో జీఎస్టీ వచ్చాక ఎవడికీ ఏమీ అర్థం కాక ఒకళ్లనొకళ్లు అడుక్కుంటూ మొదలైన గుంపు ఇది. నెలనెలా 11న అమ్మకాల లెక్క జీఎస్టీఆర్-1, 20న పన్ను కట్టే 3బి రిటర్ను, ఆ రెండు రోజులూ పెళ్లివారిల్లులాగా ఉంటది. అర్ధరాత్రి ఎవరో "ఓటీపీ రావట్లేదు" అని ఏడిస్తే ఇంకెవరో నిద్ర మానుకుని మరీ దారి చెప్తారు. ఎవరికీ పైసా రాదు. అలా ఏళ్ల తరబడి ఒకడి మాట ఇంకొకడు నమ్మడం అలవాటైంది, ఇప్పుడు ఈ బాబు రేటు అడుగుతున్నది ఆ నమ్మకానికే, అది నాది కూడా కాదు అమ్మడానికి.

ఈ డ్రామా ఎలా ఉంటదో చూడని వాళ్లకి చెప్తా. సోమవారం రెండు కొత్త అకౌంట్లు చేరతాయి. బుధవారం ఒకటి అడుగుద్ది, "నా వ్యాపారాన్ని తదుపరి స్థాయికి తీసుకెళ్లే ఉత్తమ బిల్లింగ్ పరిష్కారాన్ని ఎవరైనా సూచించగలరా?" నాలుగు నిమిషాల్లో రెండోది వస్తది, "నేను మూడు నెలలుగా ఫలానాది వాడుతున్నాను, దాని ఇంటర్‌ఫేస్ అద్భుతం, కస్టమర్ సపోర్ట్ అసమానం." కింద లింకు.

ఒరేయ్, మా చీరాల హార్డ్‌వేర్ బాబాయ్ జన్మలో ఎప్పుడైనా "తదుపరి స్థాయి" అన్నాడా? ఆయన అడిగితే ఎలా ఉంటదో తెలుసా, "తమ్ముడూ రెండు కౌంటర్లు ఉన్నాయి, కాటాకి కలుపుకోవచ్చా, థర్మల్ ప్రింటర్లో తెలుగు పడుద్దా లేక పెట్టెలు పెట్టెలుగా వస్తదా, అరువు ఖాతాలు మా ఆవిడకి తెలియకుండా పెట్టుకోవచ్చా" అని అడుగుతాడు. నిజంగా షాపు ఉన్నోడి ప్రశ్న నిండా వాడి షాపే ఉంటది. ఎలుకలు వైరు కొరికిన సంగతి కూడా అందులోనే వస్తది. ఫేక్ ప్రశ్నలో ఆ ప్రొడక్టు ఏం చేయగలదో అంతవరకే ఉంటది, ఒక్క ముక్క ఎక్కువ ఉండదు. దాంతోనే దొరికిపోతారు.

ఇంత కచ్చితంగా ఎలా చెప్తున్నావ్ అంటారేమో. నేనూ చేశా కాబట్టి.

2019లో హైదరాబాద్‌లో నా మొదటి ఉద్యోగం, కంపెనీ పేరొద్దు. నా పోస్టు పేరు కమ్యూనిటీ ఎగ్జిక్యూటివ్. చేరిన రోజే ఒక ఎక్సెల్ షీటు ఇచ్చారు, అందులో 14 అకౌంట్లు, ఏ అకౌంటు ఏ ఊరు, ఏ షాపు, ఏ టైములో గుడ్ మార్నింగ్ పెట్టాలి అన్నీ రాసి ఉన్నాయి. నెల రోజులు ఉత్తినే పండగ శుభాకాంక్షలు, వినాయకుడి బొమ్మలు, దాన్ని వార్మప్ అంటారు, ఆ తర్వాతే ప్రొడక్టు మాట ఎత్తాలి. అందులో నాకిష్టమైన అకౌంటు గుంటూరులో కిరాణా కొట్టు నడిపే ఒక అక్క. మా అమ్మ మాట తీరు దించేసేవాణ్ణి. బాగా కుదిరింది, టీమ్ మీటింగ్‌లో చప్పట్లు కూడా కొట్టారు.

ఒక రాత్రి ఆ అక్కకి మెసేజ్ వచ్చింది. "అక్కా మీరు చెప్పారని ఏడాది లైసెన్సు కట్టేశాను, అప్‌డేట్ చేశాక పార్టీల బాకీలన్నీ సున్నా చూపిస్తంది, సపోర్టోళ్లు ఫోను ఎత్తట్లేదు, మీకు ఎప్పుడైనా ఇలా అయ్యిందా?" ఆ కొట్టాయన ముందురోజే బ్యాకప్ తీసుకున్నాడా అంటే వాళ్లకి అదొకటి ఉంటదనే తెలియదు. మా మేనేజర్‌ని అడిగితే "ఆ అకౌంటుని నాలుగు రోజులు సైలెంట్‌లో పెట్టు" అన్నాడు. పెట్టా. ఆయన ఇంకో రెండుసార్లు "అక్కా" అని పెట్టాడు. నేను చూశాను, జవాబివ్వలేదు. తర్వాత ఆయన లెక్కలు తిరిగొచ్చాయో, కాగితాల మీద మళ్లీ రాసుకున్నాడో నాకు తెలీదు.

ఈ సంగతి చెప్తే మా బ్యాచ్ వాళ్లు కొందరు వెంటనే రెడ్డిట్ అనే చర్చల వెబ్‌సైట్ మాట తెస్తారు, "రెడ్డిట్ కూడా మొదట్లో ఫేక్ అకౌంట్లతోనే మొదలైంది, దాని ఫౌండర్ స్టీవ్ హఫ్‌మనే ఒప్పుకున్నాడు." నిజమే, ఒప్పుకున్నాడు. కొత్తగా హోటల్ పెట్టినోడు ఖాళీగా కనబడకూడదని నాలుగు రోజులు చుట్టాల్ని టేబుళ్ల దగ్గర కూర్చోబెడతాడు. అదీ గొప్ప పనేం కాదు గానీ సరే, హోటల్ వాడిదే. మీరు చేసేది పక్కోడి పెళ్లిలో పంక్తిలో కూర్చుని, పెళ్లికొడుకు బాబాయినని చెప్పి, మీ కేటరింగ్ కార్డులు పంచడం.

ఇంకో కథ డ్రాప్‌బాక్స్, ఫైళ్లు ఆన్‌లైన్‌లో దాచుకునే సర్వీసు. 2007 ఏప్రిల్‌లో దాని ఫౌండర్ డ్రూ హ్యూస్టన్ దాన్ని హ్యాకర్ న్యూస్ అనే ప్రోగ్రామర్ల చర్చల సైటులో పెడితే ఒకాయన "లినక్స్ వాడేవాడు ఎఫ్‌టీపీతో (ఫైళ్లు పంపే పాత పద్ధతి) ఇది సొంతంగా చేసుకోవచ్చు కదా" అన్నాడు, తర్వాత డ్రాప్‌బాక్స్ పెద్ద కంపెనీ అయ్యింది కాబట్టి స్టార్టప్ మీటింగుల్లో ఇప్పటికీ ఆ కామెంటు చెప్పి నవ్వుతారు. నాకు నవ్వొచ్చే విషయం అది కాదు. హ్యూస్టన్ ఇది నాదే అని చెప్పుకుని పెట్టాడు, కింద కూర్చుని జవాబులు కూడా ఇచ్చాడు, ఆ ముక్క ఎవడూ చెప్పడు. మరుసటి ఏడాది డిగ్ అనే లింకులు పంచుకునే సైటు జనం కోసం వాళ్లకే అర్థమయ్యే జోకులు దాచి ఒక డెమో వీడియో వదిలితే వెయిటింగ్ లిస్టు రాత్రికి రాత్రి 5 వేల నుంచి 75 వేలకి పోయింది. ఆ జోకులు ఎక్సెల్ షీటులోంచి రావు, వాళ్ల మధ్య తిరిగినోడికే తెలుస్తాయి. అంతకుముందు 1991 ఆగస్టు 25న లైనస్ టోర్వాల్డ్స్ మినిక్స్ అనే చిన్న ఆపరేటింగ్ సిస్టమ్ వాడేవాళ్ల మధ్యకొచ్చి, నేనొక ఆపరేటింగ్ సిస్టమ్ రాస్తున్నా, ఉత్త హాబీ, పెద్దదేం కాదు, మీకు మినిక్స్‌లో ఏం నచ్చింది ఏం నచ్చలేదు అని అడిగాడు. లింకు లేదు, ఆఫర్ లేదు. అది లినక్స్ అయ్యింది.

మా గ్రూపులోనూ ఒకడున్నాడు, రాజమండ్రి వైపు కుర్రాడు. ఎనిమిది నెలలు ప్రింటర్ డ్రైవర్లు, సరుకులకి జీఎస్టీలో వేసే హెచ్‌ఎస్‌ఎన్ కోడ్లు తప్ప వేరే మాట మాట్లాడలేదు. ఎవరో "ఇంతకీ నువ్వేం చేస్తావ్ తమ్ముడూ" అంటే అప్పుడు చెప్పాడు, ఎరువుల కొట్లకి ఒక సాఫ్ట్‌వేర్ రాశాను, సరుకు రవాణాకి కావాల్సిన ఈ-వే బిల్లు ఇంకా పెట్టలేదు, లోడు 50 వేలు దాటితే మీరు విడిగా చేసుకోవాలి, పాత విండోస్‌లో ఒక్కోసారి ఆగిపోద్ది అని. జనం ఊరుకుంటారా, పీకి పాకం పెట్టారు. రెండు రోజులు తిట్లు తింటూనే ఒక్కోటీ నోట్ చేసుకున్నాడు. ఇప్పుడు ఎవరైనా ఎరువుల కొట్టు అంటే వాడు నోరు తెరవక్కర్లేదు, మిగతావాళ్లే వాడి పేరు చెప్తారు. ఎనిమిది నెలలు ఎవడు ఆగుతాడు అంటారు మార్కెటింగోళ్లు. ఆగలేకపోతే పేపర్లో యాడ్ ఇచ్చుకోండి, అది యాడ్ అని అందరికీ తెలుసు, ఎవడూ మోసపోడు.

నిన్నటి బాబు దగ్గర కొత్త పాయింటు ఒకటుంది. "సార్, మీ మెంబర్స్ చదవకపోయినా పర్లేదు, రెడ్డిట్‌లో కూడా వేస్తున్నాం, ఏఐ చదివితే చాలు." 2024 ఫిబ్రవరిలో గూగుల్ తన ఏఐ కోసం రెడ్డిట్ కంటెంట్‌కి ఒప్పందం చేసుకుంది, ఏడాదికి దాదాపు 6 కోట్ల డాలర్లని రాయిటర్స్ రాసింది. అంత రేటు ఎందుకు పలికింది, మనుషులు మనుషులకి నిజంగా చెప్పిన మాటలని. వీళ్లు సరిగ్గా అందులోనే కల్తీ కలుపుతున్నారు. రేపు మా బాబాయ్ మనవడు ఫోన్లో ఏఐని అడుగుతాడు, అది గుంటూరు అక్క మాటే చెప్తది.

కేసులు, చట్టాలు అంటారా, ఉన్నాయి. కంపెనీతో సంబంధం ఉండి మెచ్చుకుంటే ఆ సంబంధం చెప్పాలని 2022లో కేంద్ర వినియోగదారుల రక్షణ సంస్థ సీసీపీఏ గైడ్‌లైన్స్ వచ్చాయి. ఫేక్ అక్క మీద ఎవడు కేసేస్తాడు.

మా రూలు చిన్నది. ప్రొడక్టు మీదైతే మీదే అని చెప్పి, శనివారం, ఒక్కసారి పెట్టండి. కింద ప్రశ్నలకి జవాబివ్వకుండా మాయమైతే పోస్టు తీసేస్తా. ఇదే అతనికి పంపా. "ఫ్రీ కదా సార్ అయితే, మా వాళ్లతో మాట్లాడి చెప్తా, కానీ ఓపెన్‌గా మా పేరుతో అంటే సపోర్ట్ క్వశ్చన్స్ అన్నీ అక్కడే అడుగుతారేమో" అన్నాడు.

అవును, అడుగుతారు.