మహారాజశ్రీ సెటప్ గారికి

మహారాజశ్రీ సెటప్ గారి దివ్యసముఖమునకు,

ఉభయకుశలోపరి. తమరు క్షేమమని వేరే చెప్పక్కర్లేదు, కొత్త ప్రాడక్ట్ మొదలుపెట్టిన ప్రతిచోటా, అసలు కోడ్ కన్నా ముందు చేయాల్సిన ఏర్పాట్ల రూపంలో తమరే కనిపిస్తున్నారు. కనిపించనిది ప్రాడక్టే.

నాకొక చిన్న ఆలోచన వచ్చింది. ఎవరైనా ఒక ఫైల్ ఇస్తే, అందులోని తప్పులు సరిచేసి తిరిగిచ్చే యాప్. అసలు కోడ్ ఒక పూట పని. కానీ తమరి అనుమతి లేకుండా మొదటి లైన్ రాసే ధైర్యం ఎవరికుంది? ముందు లాగిన్ ఉండాలన్నారు. లాగిన్ ఉంటే మెయిల్ పంపాలన్నారు. మెయిల్‌కి డొమైన్, ఆ డొమైన్‌కి, మెయిల్ నిజంగా మనదేనని రుజువు చేసే ఎస్‌పీఎఫ్, డీకిమ్ రికార్డులు. అవి లేకపోతే మన స్వాగతం మెయిల్ స్పామ్‌లో పడే ప్రమాదం. మార్చిన రికార్డు అన్నిచోట్లా కనబడటానికి 48 గంటలు పట్టొచ్చని ఓ మూల చిన్న అక్షరాల్లో రాసి ఉంటుంది. ఇంతా చేసి, ఆ మెయిల్ అందుకోవాల్సిన యూజర్ ఇంకా ఒక్కడూ లేడు. ఆలు లేదు, చూలు లేదు, సోమలింగానికి మాత్రం రోల్స్, పర్మిషన్లు, టూ-ఫ్యాక్టర్ అన్నీ సిద్ధం.

పోనీ వేరే సర్వీసు అకౌంట్‌తో లాగిన్ పెడదామంటే అక్కడా తమరే. లాగిన్ అయ్యాక యూజర్ తిరిగి రావాల్సిన అడ్రస్ అక్కడ రిజిస్టర్ చేయాలి. రిజిస్టర్ చేసిన అడ్రస్ చివర ఒక గీత (/) ఉంది, యాప్ పంపిన దాంట్లో లేదు. అంతే, ఎర్ర అక్షరాలు. రెండూ మన సొంత మెషీన్ పేర్లే అయినా, ఒకచోట లోకల్‌హోస్ట్ అని, ఇంకోచోట 127.0.0.1 అని రాస్తే అదే గతి. అడ్రస్‌ని అక్షరం పొల్లుపోకుండా పోల్చకపోతే లాగిన్ కోడ్ ఇంకెవరి చేతికో వెళ్తుందని నాకూ తెలుసు. ఆపినందుకు కోపం లేదు. ‘మ్యాచ్ కాలేదు’ అని నోరు మూసుకుంటారే, దానికి. రెండు అడ్రస్‌లూ ఒకదాని కింద ఒకటి చూపిస్తే తేడా కంటికే కనబడేది కదా!

ఇక తమరి ముద్దుబిడ్డ, కీలూ పాస్‌వర్డ్‌లూ లాంటి సెట్టింగులు రాసిపెట్టే డాట్-ఈఎన్‌వీ ఫైల్. నమూనాలో తొమ్మిది పేర్లుంటాయి. పదోది ఆ ప్రాజెక్ట్ రాసినాయన మెషీన్‌లో మాత్రమే ఉంటుంది. అది లేదని యాప్ మొదట్లో చెప్పదు. చక్కగా లేస్తుంది, పేజీ చూపిస్తుంది, బటన్ నొక్కాక లోపలెక్కడో ‘అన్‌డిఫైన్డ్’ అంటూ కూలబడుతుంది. స్టార్ట్ అయ్యేటప్పుడే ‘ఫలానా కీ లేదు, ఫలానా చోట దొరుకుతుంది’ అని చెప్పడానికి నాలుగు లైన్ల కోడ్ చాలు. అంత సులువైతే తమరి పరువేం కాను?

తమరిని వదిలించుకోవాలని పెద్దలు ప్రయత్నించకపోలేదు. ప్రతిదీ అడగకు, ఒక ఆనవాయితీ పెట్టుకో, దానికి భిన్నమైనదే చెప్పు అంటూ 2004లో వెబ్ యాప్‌లు కట్టే రూబీ ఆన్ రైల్స్ వచ్చింది. ‘నా మెషీన్‌లో పనిచేస్తోందే’ అనే సాకు పోగొట్టడానికి 2013లో, యాప్‌ని దానికి కావాల్సిన సరంజామాతో సహా మూటగట్టే డాకర్ వచ్చింది. వెబ్ పేజీలు కట్టే రియాక్ట్ లైబ్రరీతో యాప్ మొదలెట్టడానికి ఒక్క కమాండ్ చాలంటూ 2016లో క్రియేట్ రియాక్ట్ యాప్ వచ్చింది. 2025 ఫిబ్రవరిలో రియాక్ట్ టీమే దాన్ని కొత్త యాప్‌లకు వాడొద్దంది. పాత పాఠాల్లో మొదటి లైన్ మాత్రం ఇంకా ఆ కమాండే. ఫ్లాస్క్ అనే పైథాన్ వెబ్ ఫ్రేమ్‌వర్క్ పాఠాలు చదివినవాళ్లకు ఇంకో ముచ్చట: 2021లో వచ్చిన మ్యాక్‌ఓఎస్ మాంటరేలో, ఫోన్ నుంచి పాటలూ వీడియోలూ అందుకునే ఎయిర్‌ప్లే రిసీవర్ 5000 పోర్ట్‌లో (సర్వర్ వినే నంబరు వాకిలి) మకాం పెట్టింది. ఫ్లాస్క్ డిఫాల్ట్ పోర్టూ అదే. పాఠం తు.చ. తప్పకుండా పాటించిన వాళ్లకే సర్వర్ లేవలేదు.

ఇప్పుడు తమరి బాధ తప్పిస్తామని, లాగిన్, పేమెంట్ లాంటివి ముందే కట్టి ఇచ్చే స్టార్టర్ కిట్‌లు బయల్దేరాయి. వాటిలో ఏ రీడ్‌మీ (వాడే విధానం చెప్పే ఫైల్) తెరిచినా అందులో అన్నిటికన్నా పెద్ద భాగం తమరి పేరు మీదే ఉంటోంది. పైగా వద్దనుకున్న ఫీచర్లు పీకేయడం ఇంకో పని.

కాబట్టి నా నిర్ణయం చెబుతున్నాను, కోపగించుకోకండి. మొదటి యూజర్‌కు లాగిన్ లేదు. ఫైల్ ఇస్తాడు, ఫలితం తీసుకుంటాడు, వెళ్తాడు. డేటాబేస్ ఎస్‌క్యూలైట్, అంటే డిస్క్ మీద ఒక్క ఫైల్. మెయిల్ ఎక్కడికీ వెళ్లదు, టెర్మినల్‌లో ప్రింట్ అవుతుంది. పాత ఫైళ్లు దాచిపెట్టమని ఎవరైనా అడిగితే అప్పుడు లాగిన్, డబ్బిస్తామని వెంటపడితే అప్పుడు పేమెంట్ గేట్‌వే. డిప్లాయ్‌మెంట్, అంటే యాప్‌ని సర్వర్ ఎక్కించడం, ఒక్కటి మాత్రం మొదటి రోజే, ఖాళీ పేజీ అయినా సరే. దాన్ని వాయిదా వేస్తే లాంచ్ ముందురోజు రాత్రి తమరు వడ్డీతో సహా వసూలు చేస్తారని తెలుసు.

ఇట్లు,
తమరి పాత బాకీదారు

తా.క.: వచ్చేటప్పుడు, బోలెడు సర్వర్లను ఒకేసారి నడిపించే కుబర్నెటీస్ గారిని కూడా వెంటబెట్టుకొస్తామని కబురంపారు. దయచేసి ఆ పని చేయకండి. ఇక్కడున్నది ఒక్క సర్వర్. అదీ మధ్యాహ్నం దాకా ఖాళీగానే ఉంటోంది.