పుర్రె బొమ్మ చిమ్మట కుట్టదు, ఆఫ్రికా నుంచి రాలేదు

“వీపు మీద మనిషి పుర్రె ఉన్న విషపు సీతాకోకచిలుక ఆఫ్రికా నుంచి మన వైపు వచ్చేసింది. కుడితే గంటలో ప్రాణం పోతుంది. రెక్కల పొడి పడితే చూపు పోతుంది. రాత్రిళ్లు ఆత్మలా ఏడుస్తుంది. కనిపిస్తే కొట్టి చంపండి.” శ్రీకాకుళం, విజయనగరం వాట్సాప్ గ్రూపుల్లో ఫొటోతో సహా తిరుగుతున్న మాట ఇది.

ముందుగా ఆఫ్రికా సంగతి. ఫొటోలోది సీతాకోకచిలుక కాదు, దాన్ని పోలి రాత్రిపూట తిరిగే చిమ్మట. వీపు మీద ఈ గుర్తున్న చిమ్మటలు మూడు జాతులు. ఆఫ్రికాలో ఉంటూ వేసవిలో ఐరోపా దాకా ఎగిరేది ఆకెరాన్షియా ఆట్రొపాస్. మన దేశంలో ఉండేవి స్టిక్స్, లాకెసిస్. స్టిక్స్ పశ్చిమాసియా నుంచి జపాన్ దాకా ఉంది. లాకెసిస్‌కు ఫాబ్రిషియస్ 1798లోనే పేరు పెట్టాడు. కొత్తగా వచ్చిందేమీ లేదు. వెనక రెక్క పసుపు మీద రెండు నల్ల పట్టీలుంటే స్టిక్స్, రెక్క మొదట్లో పెద్ద నల్ల మచ్చ ఉంటే లాకెసిస్. రెక్కలు చాపితే స్టిక్స్ 8 నుంచి 12 సెం.మీ., లాకెసిస్ ఇంకాస్త పెద్దది.

కుట్టడానికి దీనికి ముల్లే లేదు. తొండం పొట్టిగా, బిరుసుగా ఉండేది తేనెపట్టు మైనం గదులకు కన్నం పెట్టడానికి. మన చర్మంలో దిగదు. చేత్తో పట్టుకుంటే కాళ్ల ముళ్లు గీసుకుంటాయి, అంతే. రెక్కల పొడి అంటే రాలిన పొలుసులు. కంట్లో పడితే నలపకుండా నీళ్లతో కడిగితే సరి.

అరుపు మాత్రం నిజం. పట్టుకుంటే కీచుమంటుంది. గొంతులోకి గాలి పీల్చినప్పుడు లోపలి చిన్న పలక అదిరి ఒక శబ్దం, ఆ గాలి వదిలినప్పుడు ఇంకో శబ్దం. ఆత్మకు ఇంత ఊపిరి ఎందుకు?

రైతు పట్టించుకోవాల్సింది పిల్ల పురుగును. నువ్వు చేలో ఆకులు నమిలేది అదే. వంగ, మల్లె మీద కూడా ఉంటుంది. పచ్చగానో, పసుపుగానో, గోధుమ రంగులోనో, వేలంత లావున 12 సెం.మీ. దాకా పెరుగుతుంది. పక్కల ఏటవాలు చారలు, తోక మీద గరుకు కొమ్ము. ఆ కొమ్ము చూసే జనం హడలిపోతారు, కానీ అది గుచ్చుకోదు. కదిలిస్తే దవడలు టకటకలాడించి కొరకబోతుంది, విషం మాత్రం లేదు. ఆకు రంగులో కలిసిపోతుంది కాబట్టి మొక్క కింద లావుపాటి నల్ల పెంటికలు వెతకండి, వాటికి సూటిగా పైకొమ్మ చూడండి. అక్కడక్కడ ఒకటో రెండో పురుగులు దొరికితే చేత్తో ఏరేస్తే చాలు, చేనంతా మందు కొట్టక్కర్లేదు. కోశస్థ దశ, అంటే పురుగు చిమ్మటగా మారే దశ, నేలలో గడుపుతుంది గనుక వేసవి దుక్కి దున్నితే అవి బయటపడి పక్షుల పాలవుతాయి.

నిజంగా ఒళ్లు మండించే పురుగు కావాలంటే ఉద్దానం కొబ్బరాకుల అడుగున చూడండి. పచ్చగా, నీలి చారతో, పొట్టి ముళ్ల గుత్తులతో ఉండేదాన్ని వట్టి చేత్తో ముట్టుకోవద్దు.