రెయిన్‌కోటు కుట్టు టేపు గారికి, తడిసిన ఎడమ భుజం రాయునది

గౌరవనీయులైన కుట్టు టేపు గారికి,

నెల్లూరు నుంచి నమస్కారాలు. ఇక్కడ మేమంతా క్షేమం. మీరు క్షేమంగా లేరన్న సంగతి మొన్న కార్తీకంలో ఉదయగిరి దుర్గం ఎక్కుతుంటే తెలిసింది. ముందు నా ఎడమ భుజానికి, తర్వాత బనీనుకు, ఆ తర్వాత జేబులోని ఫోనుకు.

మిమ్మల్ని ఎప్పుడూ చూడని వాళ్లు చాలామందే ఉంటారు కాబట్టి చిన్న పరిచయం. రెయిన్‌కోటు తిరగేస్తే కుట్ల వెంబడి అంటుకుని కనిపించే పల్చటి పట్టీ మీరు. గుడ్డకు లోపలివైపు పూత ఉంటుంది, అందులోంచి నీళ్లు దిగవు. కానీ ముక్కలు కలిపి కుట్టకుండా కోటు తయారు కాదు గదా! సూది దిగిన ప్రతిచోటా ఒక బెజ్జం. చంక చుట్టూ తిరిగే ఒక్క కుట్టులోనే వందకు పైగా బెజ్జాలుంటాయి. వాటి నోళ్లు మూసి పెట్టడమే మీ ఉద్యోగం. బస్తాలు మోయమన్నామా, కొండ ఎక్కమన్నామా? ఎక్కేది మేము. మీరు అతుక్కుని ఉంటే చాలు.

మనకు పరిచయమైంది 2021 నవంబరు వరదల తర్వాత. పెన్నా పొంగి పడుగుపాడు దగ్గర రైలు పట్టాల కింద కట్ట కొట్టుకుపోయిన రోజులవి. వాన పేరు చెబితేనే వణుకు పుట్టి, పదిరోజులు ఆలోచించి మరీ మంచి కోటు కొన్నాను. లేబుల్ మీద '10,000 మి.మీ.' అని ఉంది. మా నెల్లూరులో ఏడాదంతా కలిపి కురిసేది వెయ్యి మిల్లీమీటర్ల పైచిలుకు. అంటే తొమ్మిదేళ్ల వాన ఒకేసారి మీద పడినా నాకేం కాదని లెక్క వేసుకుని, అదే ఇంట్లో కూడా చెప్పి, ఆ ధరకు ఒప్పించాను. ఆ అంకె వానది కాదని, గుడ్డ మీద నీటిని నిలువునా నిలబెడితే పది మీటర్ల ఎత్తు దాకా కారకుండా ఆపుతుందని దాని అర్థమని ఆలస్యంగా తెలిసింది. అంతకంటే ఆలస్యంగా తెలిసింది ఇంకోటి: ఆ గొప్పంతా గుడ్డది. కుట్టు సంగతి ఆ అంకెలో లేదు. లేబుల్ మీద పేరు గుడ్డకు, కారేటప్పుడు కారడం మీకు. బాగా పంచుకున్నారు.

ఇక దుర్గం మీద జరిగింది. ఆత్మకూరు బస్టాండులో బస్సెక్కినప్పుడు ఆకాశం బాగానే ఉంది. సగం కొండ ఎక్కేసరికి బంగాళాఖాతంలోని వాయుగుండం మా కోసమే వచ్చినట్టు దిగింది. ఆ కోటను తీసుకోవడానికి సాక్షాత్తూ కృష్ణదేవరాయలికి ఏడాదిన్నర పట్టింది. అంత సైన్యంతో ముట్టడించినా 1514లో గాని లొంగలేదు. అదే కొండ మీద మీరు పది నిమిషాల్లో లొంగిపోయారు. కనీసం అప్పట్లో ఆ కోటను ఏలిన గజపతుల పరువైనా చూడాల్సింది.

"అది కారడం కాదన్నా, చెమట" అన్నాడు వెంట వచ్చిన తమ్ముడు. నిజమే, మా ఊరి ఉక్కలో రెయిన్‌కోటు వేసుకుని కొండెక్కితే లోపల ఇడ్లీ పాత్రే. పైగా గుడ్డ బయటివైపు నీటిని జార్చే పూత అరిగిపోతే, చేమ ఆకు మీద ముత్యాల్లా దొర్లాల్సిన చినుకులు గుడ్డలోకి ఇంకి, ఒంటికి చల్లగా తగిలి, కారినట్టే అనిపిస్తుంది. ఆ రెండు అనుమానాల చాటున మీరు రెండేళ్లు తప్పించుకున్నారు. కానీ చెమటకు ఎడమ భుజం మీద ప్రత్యేకమైన ప్రేమ ఎందుకుంటుంది?

ఇంటికొచ్చాక పంచాయితీ పెట్టాం. మా ఆవిడ కోటు భుజాన్ని బయటివైపు పైకి ఉండేలా దొన్నెలాగా పట్టుకుంది. నేను గ్లాసుడు నీళ్లు పోసి, కిందనుంచి టార్చి వేసి చూశాను. అరనిమిషం ఏమీ లేదు. తర్వాత కుట్టు వెంబడి ఒక చుక్క, దాని పక్కన ఇంకో చుక్క, ఆవగింజల దండలా వరసగా పుట్టుకొచ్చాయి. గుడ్డ మీద ఎక్కడా చెమ్మ లేదు. మీరు మాత్రం రెండంగుళాల మేర లేచి, పక్కకు ఒత్తిగిలి, ఎండిన అరటినారలా చుట్టుకుని పడుకున్నారు. "ఎంత హాయిగా ఉండాదో చూడండి" అంది ఆవిడ.

ఇక్కడ నా తప్పూ ఒకటి ఒప్పుకోవాలి. మిమ్మల్ని బాగుచేయించడానికి తీసుకెళ్లింది టైలరు దగ్గరికి. ఆయన పాపం నమ్మకస్తుడు. "కుట్టు వదులైంది సార్, డబుల్ కుట్టేసి ఇస్తా, ఇంక జన్మలో కారదు" అన్నాడు. వేశాడు కూడా. అంటే, కారుతున్న వంద బెజ్జాల పక్కన ఇంకో వంద పొడిచాడు. అరవై రూపాయలు తీసుకుని, దారం కోటు రంగుకు కలిసిందా లేదా అని వెలుతురులో పెట్టి చూపించాడు. కలిసింది. తర్వాతి వానకు భుజం పాతదానికి రెట్టింపు తడిసింది.

సైకిల్ షాపు పెద్దాయన ఇంకా నయం. కోటును అటూ ఇటూ తిప్పి, "ట్యూబయితే సొల్యూషన్ రాసి ప్యాచ్ వేసేవాణ్ణి నాయనా, ఇది గుడ్డాయె, నాకు తెలియదు" అన్నాడు. తెలియనిది తెలియదన్నందుకు ఆయనకు టీ ఇప్పించాను. ఇంట్లో ఉన్న అయిదు రూపాయల జిగురు కూడా ఒక మూల ప్రయత్నించాను, దాచను. గాజులా గట్టిపడి, కోటు మడత పెట్టగానే పటుక్కుమంది.

చివరికి నేనే కూర్చున్నాను. మీరు ఊడిపోయిన చోట మిగిలిన జిడ్డంతా మెడికల్ షాపులో దొరికే ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో తుడిచాను. ఎంత జిడ్డు! నాలుగేళ్ల నా చెమట, కొబ్బరినూనె అన్నీ మీ కిందే దాచి పెట్టుకున్నారు. కొద్దిగా లేచినచోట పాత పంచె ముక్క అడ్డం పెట్టి, ఇస్త్రీ పెట్టెను తక్కువ వేడిలో ఉంచి అదిమాను. కొంతమేర బుద్ధిగా అతుక్కున్నారు. అసలు జిగురే లేనిచోట, టైలరు పుణ్యాన కొత్తగా పడ్డ బెజ్జాల మీద, పాలియురేథేన్ సీలరును, అంటే బెజ్జాలు పూడ్చే జిగురును, లోపలివైపు నుంచి పల్చగా బ్రష్‌తో పూశాను. గాలిలోని తేమను పీల్చుకుని గట్టిపడే రకం అది. నా జీవితంలో నెల్లూరు తేమ పనికొచ్చిన మొదటి సందర్భం. ఒక రాత్రీ ఒక పగలూ కదపకుండా ఉంచి, మడతల్లో ఒకదానికొకటి అంటుకోకుండా పైన కాస్త టాల్కం పౌడరు చల్లాను. ఇప్పుడు కోటు తొడుక్కుంటే పసిబిడ్డ వాసన.

మిగిలిన సీలరును తమ్ముడు తన టెంటుకు పూశాడు. అది సిలికాన్ పూత గుడ్డ. మర్నాటికి పాల మీది మీగడలా చేతికి ఊడి వచ్చింది. సిలికాన్‌కు సిలికానే అంటుకుంటుంది, ఇంకేదీ కాదు. కులం చూసి గాని సంబంధం కలుపుకోని మీ జాతి సంగతి వాడికి నేను ముందే చెప్పాల్సింది.

మీ వాదన నాకు తెలుసు. వాన వల్ల కాదు, మీవల్లే పోయానంటారు. తడి కోటును ఉండచుట్టి బండి డిక్కీలో కుక్కి, మా రోహిణీ ఎండలో ఆఫీసు ముందు నెలల తరబడి నిలబెట్టిన మాట నిజం. ఆ వేడికీ చెమ్మకీ జిగురేంటి, పూతే ముద్దయిపోతుందట. ఉతికేటప్పుడు మెత్తదనం కోసం వాసన ద్రవం పోసిన మాట కూడా నిజం. మా మేనమామ వడ్ల కుప్ప మీద కప్పే టార్పాలిన్ పట్టను వాన వెలిసిన మర్నాడే ఎండగట్టి, ఆరాక చుట్టి అటక మీద పెట్టేవాడు. అది వేల రూపాయల కోటు కాదు, పట్ట. దానికి దొరికిన మర్యాద మీకు దొరకలేదు. సరే. కానీ ఆ పట్ట కూడా ఎప్పుడూ పది మీటర్ల గొప్పలు చెప్పలేదు.

ఇప్పుడు మీరు వసారాలో దండెం మీద, నీడలో, మడత లేకుండా వేలాడుతున్నారు. మొన్న మళ్లీ దొన్నె చేసి గ్లాసు నీళ్లు పోశాం. పది నిమిషాలు చూశాం. ఒక్క చుక్క లేదు. ఆవిడ ఆ నీళ్లు తులసి కుండీలో పోసి లోపలికి వెళ్లింది.

ఇట్లు,
ఒక భుజం మాత్రమే ఆరిన మీ యజమాని

తా.క.: కుడి చంక దగ్గర ఒక మూల తెల్లబడి లేస్తోంది. చూశాను. పంచె ముక్క ఇంకా ఉంది, ఇస్త్రీ పెట్టె వేడెక్కుతోంది.