బీపీ అంకె వెనక అడగని ప్రశ్నలు

మోకాళ్ల నొప్పితో అరవై ఆరేళ్ల మహిళ ఒకరు క్లినిక్‌కు వచ్చారనుకుందాం. రాగానే కుర్చీలో కూర్చోబెట్టి, చేతికి కఫ్ చుట్టి, "ఎన్నాళ్ల నుంచి ఈ నొప్పి?" అని అడుగుతూనే బీపీ చూశారు. 154/92 వచ్చింది. అంకె రికార్డులోకి ఎక్కింది. మళ్లీ వచ్చినప్పుడూ అలాగే చూస్తారు, దాదాపు అంతే వస్తుంది, మాత్ర మొదలవుతుంది. ఒకసారి మొదలైన బీపీ మాత్రను ఆపే ధైర్యం చేసేవాళ్లు తక్కువ.

పైకి చూస్తే ఎవరి తప్పూ కనిపించదు. కానీ ఆ రెండు నిమిషాల్లోనే నాలుగైదు పొరపాట్లు జరిగిపోయాయి. బీపీ చూసే ముందు ఐదు నిమిషాలు ఊరికే కూర్చోవాలి. వీపు కుర్చీకి, పాదాలు నేలకు ఆనాలి. కాలు మీద కాలు వేసుకోకూడదు, మూత్రం ఆపుకుని ఉండకూడదు, చూస్తున్నంతసేపూ మాట్లాడకూడదు. చేతిని గుండె ఎత్తులో బల్ల మీద ఆనించాలి. ఒడిలో పెట్టుకుంటే పై అంకె సగటున దాదాపు 4 పాయింట్లు, పక్కకు వేలాడేస్తే 6.5 పాయింట్లు ఎక్కువ చూపిస్తుందని 2024లో అమెరికాలో వచ్చిన ట్రయల్ తేల్చింది. కఫ్ సైజు సంగతి ఇంకా ఘోరం. బాగా పెద్ద కఫ్ కావాల్సిన వాళ్లకు మామూలు కఫ్ చుడితే పై అంకె సగటున 19.5 పాయింట్లు పెరిగిందని అంతకు ముందు ఏడాది, 2023లో, మరో ట్రయల్ చూపించింది. మంచిగా ఉన్న మనిషిని పేషెంటుగా మార్చడానికి అంత తేడా చాలు.

అంకె సరిగ్గానే వచ్చిందనుకుందాం. అప్పుడు అడగాల్సిన ప్రశ్న ఒకటుంది: నొప్పికి ఏం వాడుతున్నారు? చీటీ లేకుండా కొనుక్కున్న ఐబుప్రోఫెన్, డైక్లోఫెనాక్ లాంటి మాత్రలు నెలల తరబడి వేసుకుంటే ఒంట్లో ఉప్పూ నీరూ నిలిచి బీపీ పెరుగుతుంది, కిడ్నీల మీద భారం పడుతుంది. ఆ సంగతి ఏ రక్తపరీక్ష రిపోర్టులోనూ రాసి రాదు. పేషెంటు తనంతట తాను చెప్పరు, ఎందుకంటే ఆమె లెక్కలో అది మందే కాదు. "ఏమైనా మందులు వాడుతున్నారా" అంటే లేదనే అంటారు. "నొప్పి ఎక్కువైనప్పుడు ఏం వేసుకుంటారు" అంటే చెబుతారు. ఆరోగ్య అంచనా అనే పని మొత్తం ఈ రెండు ప్రశ్నల మధ్య తేడాలో ఉంది.

అడ్వాన్స్‌డ్ నర్సింగ్ గురించి, అంటే అదనపు శిక్షణ పొందిన నర్సులే పేషెంట్లను పరీక్షించి చికిత్స చేసే పద్ధతి గురించి మాట్లాడేటప్పుడు ఈ సంగతే ముందు చెప్పాలి. చర్చంతా ఎప్పుడూ అధికారాల దగ్గరే ఆగిపోతుంది: నర్సు మందులు రాయొచ్చా, ఎవరి పర్యవేక్షణలో రాయాలి, డాక్టర్ల కొరత తీరుతుందా అని. ఈ విధానం పుట్టిన తీరు చూస్తే అసలు ఉద్దేశం వేరని తెలుస్తుంది. 1965లో అమెరికాలోని కొలరాడో విశ్వవిద్యాలయంలో నర్సు లొరెట్టా ఫోర్డ్, పిల్లల డాక్టర్ హెన్రీ సిల్వర్ కలిసి మొదటి నర్స్ ప్రాక్టీషనర్ (అలాంటి అదనపు శిక్షణ పొందిన నర్సు) శిక్షణ మొదలుపెట్టారు. అది ఐసీయూ కోసం కాదు, ఆపరేషన్ థియేటర్ కోసం కాదు. పిల్లల ఎదుగుదల చూడటం, జబ్బు రాకముందే పసిగట్టడం, తల్లిదండ్రులకు చెప్పాల్సింది చెప్పడం దాని పని. నివారణ ఈ వృత్తికి తర్వాత తగిలించిన బాధ్యత కాదన్నమాట, పునాదే అది.

పనితీరు మీద అనుమానాలకు కూడా జవాబులున్నాయి. 1,316 మంది పేషెంట్లతో చేసి 2000లో ప్రచురించిన అమెరికన్ ట్రయల్‌లో, నర్స్ ప్రాక్టీషనర్లు చూసిన వాళ్లకూ డాక్టర్లు చూసిన వాళ్లకూ ఆరు నెలల తర్వాత ఆరోగ్యంలో చెప్పుకోదగ్గ తేడా కనిపించలేదు. ప్రాథమిక వైద్యంలో డాక్టర్ల స్థానంలో నర్సులు పనిచేసిన 18 ట్రయల్స్‌ను, వైద్య పరిశోధనలను కలిపి బేరీజు వేసే కోక్రేన్ సంస్థ 2018లో సమీక్షించింది. ఫలితాలు సమానంగానో, కొంచెం మెరుగ్గానో ఉన్నాయని, నర్సుల కన్సల్టేషన్లు మాత్రం ఎక్కువసేపు పడుతున్నాయని అందులో తేలింది. ఆ 'ఎక్కువసేపు' అనే మాటను చాలామంది మేనేజర్లు లోపంగా చదువుతారు. నాకైతే అక్కడే అసలు విలువ ఉందనిపిస్తుంది.

ఆ అదనపు నిమిషాల్లో ఏం జరుగుతుంది? మోకాళ్ల నొప్పి మనిషి దగ్గరికే మళ్లీ వద్దాం. గత ఏడాదిలో ఎప్పుడైనా పడ్డారా అని అడుగుతారు. కుర్చీలోంచి లేచి మూడు మీటర్లు నడిచి, తిరిగొచ్చి కూర్చోమంటారు. 12 సెకన్లు, అంతకన్నా ఎక్కువ పడితే పడిపోయే ప్రమాదం ఉన్నట్టే లెక్క. పడుకోబెట్టి ఒకసారి, లేచి నిలబడ్డాక మూడు నిమిషాల్లోపు మళ్లీ బీపీ చూస్తారు. పై అంకె 20 గానీ, కింది అంకె 10 గానీ పడిపోతే, ఇప్పుడు హడావుడిగా బీపీ మాత్ర పెంచడం ఆమెను బాత్రూంలో పడేయడమే అవుతుంది. గత రెండు వారాలుగా దేనిమీదా ఆసక్తి లేకుండా ఉందా, మనసు దిగాలుగా ఉందా అన్న రెండు ప్రశ్నలూ అడుగుతారు. డిప్రెషన్‌ను పసిగట్టే పీహెచ్‌క్యూ-2 పరీక్ష అంటే ఆ రెండు ప్రశ్నలే. నాన్నగారికి గుండెపోటు వచ్చిందంటే ఏ వయసులో వచ్చిందో కూడా అడుగుతారు. 55 లోపు వస్తే అది పిల్లలకూ ముప్పు సూచనే, ఎనభైలో వస్తే అర్థం వేరు. వీటిలో దేనికీ ఖరీదైన యంత్రం అక్కర్లేదు. దేనికీ విడిగా బిల్లు కూడా పడదు, బహుశా అందుకే ముందు ఇవే ఎగిరిపోతాయి.

ఇక ముందుజాగ్రత్త అంటే పరీక్షలు ఎక్కువ చేయించడమే అనే నమ్మకం. ఇది పేషెంట్లలో ఎంతుందో వైద్య సిబ్బందిలోనూ అంతే ఉంది. దక్షిణ కొరియా అనుభవం ఒక్కటి చాలు. అక్కడ 1999లో ప్రభుత్వ క్యాన్సర్ స్క్రీనింగ్ (లక్షణాలు లేనివాళ్లలో జబ్బును వెతికే పరీక్షలు) మొదలయ్యాక, ఆ జాబితాలో లేకపోయినా థైరాయిడ్ స్కాన్‌ను కొద్దిపాటి ఖర్చుతో దానికి జత చేశారు. 2011 నాటికి థైరాయిడ్ క్యాన్సర్ గుర్తింపు రేటు 1993తో పోలిస్తే 15 రెట్లయింది. మరణాల రేటు మాత్రం ఉన్నచోటే ఉంది. ఏ హానీ చేయకుండా ఉండిపోయే గడ్డల కోసం వేలమంది గొంతుకు ఆపరేషన్ చేయించుకుని జీవితాంతం హార్మోన్ మాత్రల మీద బతుకుతున్నారు. ఏ జబ్బుకు స్క్రీనింగ్ తగుతుందో తేల్చే పది సూత్రాలను విల్సన్, యుంగ్నర్ అనే ఇద్దరు నిపుణులు ప్రపంచ ఆరోగ్య సంస్థ కోసం 1968లోనే రాసిపెట్టారు. కనిపెట్టిన జబ్బుకు చికిత్స ఉండాలి, ఆ చికిత్స అందుబాటులో ఉండాలి అన్నవి వాటిలోవే. అర్ధ శతాబ్దం దాటినా పరీక్షల ప్యాకేజీలు అమ్మేవాళ్లకు అవి గుర్తు రావు.

ఇక్కడ నా వాదనకు నేనే అడ్డం చెప్పుకోవాలి. రెండున్నర లక్షల మందికి పైగా పాల్గొన్న ట్రయల్స్‌ను కలిపి చూసిన 2019 కోక్రేన్ సమీక్ష, అందరికీ ఒకే మూసలో చేసే జనరల్ హెల్త్ చెకప్ వల్ల మరణాలు దాదాపు తగ్గడం లేదంది. చేసేది నర్సయినా డాక్టరయినా దీన్నుంచి తప్పించుకోలేరు. కాబట్టి నర్స్ ప్రాక్టీషనర్లను చెకప్ కౌంటర్లో కూర్చోబెట్టి టిక్కులు పెట్టిస్తే, తక్కువ ఖర్చులో అదే వృథా పని జరుగుతుంది. మేలు చేసే స్క్రీనింగులు లేవని కాదు. గర్భాశయ ముఖద్వార క్యాన్సర్‌ను నిర్మూలించడానికి 2030 కల్లా 70 శాతం మహిళలకు 35 ఏళ్లు వచ్చేలోపు ఒకసారి, 45 వచ్చేలోపు మరోసారి నాణ్యమైన పరీక్ష జరగాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ లక్ష్యం పెట్టింది. అయితే అదే లక్ష్యాల్లో, జబ్బు బయటపడిన వాళ్లలో 90 శాతానికి చికిత్స అందాలనీ ఉంది. రిపోర్టులో తేడా వచ్చిన మనిషికి ఎవరూ ఫోన్ చేయకపోతే ఆమెకు స్క్రీనింగ్ జరిగినా జరగనట్టే.

శిక్షణ విషయంలోనూ మొహమాటం వదలాలి. స్టెతస్కోప్ మెడలో ఉన్నంతమాత్రాన గుండె చప్పుడులో తేడా వినిపించదు. ఊపిరి సంఖ్య నిమిషం పాటు లెక్కపెట్టకుండా చార్టులో వరసగా 18, 18, 18 అని రాసే అలవాటు ఏ వార్డు చూసినా దొరుకుతుంది. మనిషి పరిస్థితి దిగజారుతోందని ముందుగా చెప్పే గుర్తుల్లో ఊపిరి సంఖ్య ఒకటైనా సరే. డిగ్రీ పెరిగితే ఈ అలవాటు దానంతట అది పోదు. పక్కన నిలబడి చూసి దిద్దేవాళ్లు కావాలి.

క్లినిక్‌లు తమ పనిని రోజుకు ఎంతమందిని చూశాం, ఎన్ని పరీక్షలు చేశాం అన్న లెక్కతోనే కొలుచుకుంటే ఇదేదీ మారదు. దాని బదులు మూడు సంగతులు లెక్కపెట్టి చూడొచ్చు. బీపీతో పాటు ఏ సైజు కఫ్ వాడారో ఎన్ని రికార్డుల్లో ఉంది? చీటీ లేకుండా కొన్న మాత్రలు మందుల జాబితాలోకి ఎన్నిసార్లు వచ్చాయి? తేడా వచ్చిన రిపోర్టుల్లో ఎన్నింటికి నెలలోపు పేషెంటుతో మాట్లాడారు? ఆ మోకాళ్ల నొప్పి మనిషి నొప్పి మాత్ర మార్చుకుని, ఇంట్లో సరైన కఫ్‌తో వారం రోజుల పాటు బీపీ చూసుకుని ఆ కాగితంతో తిరిగొస్తే, ఇంకో మాత్ర రాయకుండానే ఆమెను పంపించేయొచ్చేమో. ఇప్పుడున్న లెక్కల్లో అలాంటి కన్సల్టేషన్‌కు గడి లేదు.